రానివాళ్ళ ఖాళీ కనిపించే చోటు

పోయిన ఆదివారం టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి నా చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి మంచి స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఆగస్టులో చేరాలి. సీటు గురించి కాసేపు, డార్మ్ (హాస్టల్) గురించి కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటపెట్టింది. "వీడు అక్కడ కూడా మార్చింగ్ బ్యాండులో చేరతానంటున్నాడే. హైస్కూల్లో నాలుగేళ్ళు చేశాడు, అది చాలదా? మీ అమ్మాయి చేస్తోంది కదా, ఎంత కష్టమో నువ్వైనా వాడికి ఓ మాట చెప్పు."

మార్చింగ్ బ్యాండంటే ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం మీద వరసల్లో నడుస్తూ వాయించే విద్యార్థుల బృందం. ఏ మాట చెప్పమంటోందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఆ మాటే మా అమ్మాయికి వేసవంతా చెప్పాను. అందుకే వెంటనే నోరు రాలేదు. "ఆలోచించి చెప్తానే" అని ఫోన్ పెట్టేశాను. వారం నుంచీ ఆలోచించిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేరనివ్వాలి. అందులోనూ మొదటి సంవత్సరమే చేరనివ్వాలి. అయితే దీనికి మామూలుగా చెప్పే కారణాలు, క్రమశిక్షణ, నాయకత్వం, రెజ్యూమె లాంటివి, నన్ను ఒప్పించినవి కావు. నేను ఒప్పుకున్నది ఒక జ్వరం వల్ల. అక్కడికి వస్తాను.

క్లారినెట్ లోపల పెట్టెయ్

మా అమ్మాయి ఆరో తరగతిలో క్లారినెట్ పట్టుకుంది. ప్రైవేటు పాఠాలు చెప్పించాం. హైస్కూల్లోకి వచ్చాక ప్లాస్టిక్‌ది మార్చి చెక్కతో చేసిన ఖరీదైన క్లారినెట్ కొన్నాం. శుక్రవారం రాత్రుళ్ళు ఫుట్‌బాల్ ఆటలకి, శనివారాలు పోటీలకి కారులో తిప్పాం. ఎవరైనా అడిగితే "పిల్లకి సంగీతమంటే ఇష్టం" అనేవాళ్ళం. అది నిజమే. కానీ మేం అంత డబ్బు, అన్ని శనివారాలు ఎందుకు పెట్టామంటే కాలేజీ అప్లికేషన్ కోసం. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో చాలామందిది ఇదే లెక్క. టెక్సస్‌లో అయితే మార్చింగ్ బ్యాండు చేస్తే పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్ కూడా వచ్చేస్తుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు.

సీటొచ్చిన రోజు సాయంత్రం మావారు సంతోషంగా, "హమ్మయ్య, ఇంక ఆ క్లారినెట్ లోపల పెట్టెయ్యొచ్చు" అన్నారు. నేనూ తలూపాను. అమ్మాయి ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ నిమిషంలో దాని ముఖం ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది. ఏడేళ్ళు అది వాయించింది సంగీతం. మేం నింపుకున్నది ఫారం.

వారం తర్వాత అది బ్యాండు ఆడిషన్ తేదీలు చెప్పినప్పుడు నేను కాగితం తీసి లెక్క రాశాను. వారానికి నాలుగు సాయంత్రాలు, దాదాపు రెండేసి గంటలు. సొంత మైదానంలో ఆట ఉన్న శనివారాలు ఏడు. ఒక్కో శనివారం తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి దాకా పోయినట్టే. ఇటుపక్క కాల్క్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్. ఆ కాగితం దాని ముందు పెట్టి "నువ్వే చెప్పు" అన్నాను. అది తన వాదన తెచ్చింది: చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పర్డ్యూ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదువుతూ అక్కడి బ్యాండులో బారిటోన్ అనే ఇత్తడి వాద్యం వాయించాడు.

అది నిజమే. కానీ నా స్నేహితురాలికి ఈ మాట చెప్పను. బారిటోన్ వాయించినందుకు ఎవరూ చంద్రుడి మీదికి పోలేదు. ఇలాంటి ఒక్క పేరు చూపిస్తే మన వాళ్ళు ఠక్కున ఒప్పుకుంటారు, ఎందుకంటే అది మళ్ళీ ఫలితం లెక్కే. పర్డ్యూ సంగతిలో నాకు నచ్చింది వేరే ఉంది. సంగీత కళాశాలకి పేరుపొందిన చోటు కాదది. అయినా 1886 నుంచీ అక్కడ బ్యాండు ఉంది. 1907లో సైనిక వరసలు విడగొట్టి మైదానం మీద మనుషులతో పెద్ద 'పి' అక్షరం కట్టింది ఆ బ్యాండే. అన్నేళ్ళుగా ఆ వరసల్లో నిలబడుతున్నవాళ్ళలో చాలామంది యంత్రాలూ పంటలూ చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. సంగీతం వాళ్ళకి జీతం ఇచ్చే పని కాదు, ఇవ్వాలని వాళ్ళు అనుకోనూ లేదు.

ఇరవై రెండున్నర అంగుళాలు

చివరికి "ఒక్క సెమిస్టర్" అని ఒప్పుకున్నాం. బ్యాండు శిక్షణ కోసం, మిగతా ఫ్రెష్‌మన్ (మొదటి సంవత్సరం) పిల్లలకంటే వారం ముందే దింపి వచ్చాం. డార్మ్ అంతా ఖాళీ. మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. మైదానం పక్కన గడ్డి మీద వరసగా గాలన్ నీళ్ళ జగ్గులు, ఒక్కోదాని మీద టేప్ అంటించి పేర్లు. వెనక్కి వస్తూ దారంతా నేను మాట్లాడలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో అది చెప్పిన మొదటి మాట, "అమ్మా, మాకు మళ్ళీ నడక నేర్పుతున్నారు."

మైదానం మీద గీతల మధ్య ఐదు గజాలుంటాయి. ఆ ఐదు గజాల్ని సరిగ్గా ఎనిమిది అడుగులేసి దాటాలి. అంటే అడుగుకి ఇరవై రెండున్నర అంగుళాలు. పొడుగువాళ్ళకీ అంతే, మా అమ్మాయిలాంటి ఐదడుగుల పిల్లకీ అంతే. హైస్కూల్లో మడమ నుంచి మునివేళ్ళకి మెత్తగా దొర్లించే నడక నేర్చుకుంది, ఇక్కడ మోకాలు పైకెత్తి నడవాలి. వెనక్కి నడిచేటప్పుడు మునివేళ్ళ మీదే. ఇవన్నీ చేస్తూ క్లారినెట్ కిందికీ పైకీ ఊగకూడదు, శ్వాస తప్పకూడదు. మా ఖరీదైన చెక్క క్లారినెట్ ఇంట్లోనే ఉండిపోయింది, ఎండకీ చలికీ వానకీ చెక్క పగులుతుందని. ఎవరో వాడి అమ్మేసిన ప్లాస్టిక్‌ది కొనుక్కుంది. మేం అప్లికేషన్ కోసం కొన్నది అలమారలో, అది తన కోసం కొనుక్కున్నది చేతిలో.

ఒక్కొక్కరికీ ఒక డాట్ ఉంటుంది. ఫలానా గీత నుంచి ఇన్ని అడుగులు, పక్క గీత నుంచి ఇన్ని అడుగులు అని ఒక చోటు. ఆట మధ్య విరామంలో చేసే ఒక్క హాఫ్‌టైమ్ షోలో అలాంటివి కొన్ని డజన్లు. ఒక డాట్ నుంచి ఇంకో డాట్‌కి ఎన్ని బీట్లలో వెళ్ళాలో బట్టీ పట్టాలి. ఇది విన్నప్పుడు నాకు కెమిస్ట్రీకి పోవాల్సిన బుర్ర ఇక్కడ ఖర్చవుతోందనే అనిపించింది.

ఇంకొకటి చెప్పింది, అది మాత్రం నా మనసులో ఉండిపోయింది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి వంద గజాలు. అంత దూరం శబ్దం రావడానికి పావు సెకను పైనే పడుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో వాయిస్తుంటే అది సగం బీట్. కాబట్టి అవతలి కొసన వాయిస్తున్నవాళ్ళని విని వాయిస్తే తప్పిపోతావు. ముందు నిలబడి బ్యాండుని నడిపించే డ్రమ్ మేజర్ చేతుల్ని చూసి వాయించాలి. ఏడేళ్ళు చెవిని నమ్ముకోమని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు చెవిని కాసేపు పక్కన పెట్టమంటే రెండు రోజులు ఏడ్చిందట. నాకు అప్పుడు చెప్పలేదు, సంక్రాంతి నాటికి చెప్పింది.

మూడు రోజుల జ్వరం

సెప్టెంబరు చివర్లో మొదటి కాల్క్యులస్ మిడ్‌టర్మ్. నూటికి 58. హైస్కూల్లో ఆ అంకె ఎప్పుడూ చూడలేదు. నేను ఫోన్‌లోనే "మానెయ్, రేపే చెప్పెయ్ వాళ్ళకి" అన్నాను. "మధ్యలో మానేస్తే నా డాట్ ఖాళీ అయిపోతుందమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. "నీకు డాట్ ముఖ్యమా, డిగ్రీ ముఖ్యమా" అని అరిచి పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, దానికీ పట్టలేదని తర్వాత తెలిసింది.

అక్టోబరులో దానికి ఫ్లూ వచ్చింది. మంగళవారం పొద్దున్నించి లేవలేదు. మాకు చెప్తే కంగారుపడతామని చెప్పలేదు. మూడువందల మంది కూర్చునే కాల్క్యులస్ లెక్చర్‌కి మంగళవారం పోలేదు, గురువారం పోలేదు. ఎవరూ అడగలేదు. అడగడానికి దాని పేరు తెలిసినవాళ్ళు ఆ హాల్లో లేరు. రూమ్మేట్ వాళ్ళ ఊరికి పోయింది. కెమిస్ట్రీ ల్యాబ్ పార్ట్‌నర్ "ఆర్ యూ కమింగ్" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు.

మంగళవారం సాయంత్రం రిహార్సల్ మొదలైన పది నిమిషాలకి ఫోన్ మోగింది. క్లారినెట్ల జట్టుని చూసుకునే సెక్షన్ లీడర్. అది ఎత్తలేదు. ఇంకొకరు మెసేజ్ పెట్టారు. ఇంకొకరు. రాత్రి తొమ్మిదింటికి ముగ్గురు పిల్లలు సూప్ డబ్బా, జ్వరం మందు, థర్మామీటర్ పట్టుకుని డార్మ్ కింద నిలబడ్డారు. వాళ్ళలో ఒకరు మెకానికల్ నాలుగో సంవత్సరం. జ్వరం తగ్గాక శుక్రవారం లైబ్రరీలో కూర్చోబెట్టి, పోయిన రెండు లెక్చర్లూ చెప్పింది ఆ అమ్మాయే. అప్పటినుంచి సెమిస్టర్ అయ్యేదాకా ప్రతి ఆదివారం చెప్పింది.

ఇదంతా నాకు ఆ శుక్రవారం రాత్రి తెలిసింది. వింటుంటే నాకు మొదట వచ్చింది కృతజ్ఞత కాదు, భయం. బ్యాండు లేకపోయి ఉంటే ఆ గదిలో నా బిడ్డ ఎన్ని రోజులు పడి ఉండేది? ఎవరికి తెలిసేది?

నలభై, యాభై వేల మంది చదివే యూనివర్సిటీల్లోకి పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని పంపుతున్నాం. వాళ్ళు రాకపోతే గమనించే చోట్లు అక్కడ చాలా తక్కువ. క్లబ్బులు వందల్లో ఉంటాయి, నిజమే. మా అమ్మాయి మొదటి వారంలో ఆరు క్లబ్బుల్లో పేరిచ్చింది, మన తెలుగు విద్యార్థుల సంఘంతో సహా. వాటిల్లో వెళితే పలకరిస్తారు, పిజ్జా పెడతారు. వెళ్ళకపోతే ఏమీ కాదు. బ్యాండులో వెళ్ళకపోతే గీతలో బొక్క పడుతుంది, అటుపక్కా ఇటుపక్కా నిలబడ్డవాళ్ళకి కొలత తప్పుతుంది. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టే ఫోన్ చేశారని నేను అనుకోను. మంచివాళ్ళే, సందేహం లేదు. కానీ అంతకుముందు వాళ్ళకి మా అమ్మాయి అవసరం. కొత్తగా వచ్చిన పిల్ల, ఇంకా ఎవరికీ స్నేహితురాలు కాని పిల్ల, చేరిన మొదటి రోజు నుంచే అవసరమైన మనిషి కావడం, అదీ ఈ బ్యాండులో నేను చూసింది. స్నేహం ఆ తర్వాత వచ్చింది.

మార్కుల సంగతి దాచను. ఆ కాల్క్యులస్‌లో చివరికి బి మైనస్ వచ్చింది. బ్యాండు లేకపోతే ఎ వచ్చేదేమో. ఆదివారం పాఠాలు లేకపోతే సి వచ్చేదేమో. రెండిట్లో ఏది నిజమో తేల్చుకునే దారి నాకు లేదు. తేలనిదాన్ని మాత్రం ఇప్పుడు బ్యాండు ఖాతాలో రాయను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఇలాంటి చోటు బ్యాండు ఒక్కటే కాదు. సోలార్ కారు కట్టే టీమ్, నాటకం, పడవ పందేల జట్టు, ఏదైనా కావచ్చు. నువ్వు రాకపోతే పని ఆగేదై ఉండాలి. వాయించడం రానివాళ్ళకి కూడా బ్యాండులో చోటుంటుంది. గుంటూరు నుంచి ఎం.ఎస్.కి వచ్చిన ఒకబ్బాయి, ఊళ్ళో ఎన్‌సీసీ బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించినవాడు, డ్రమ్‌లైన్ (డ్రమ్ములు వాయించే జట్టు) ఆడిషన్‌లో నిలవలేదు. అది చాలా కష్టమైన ఆడిషన్. సామాన్ల క్రూలో చేరి, రెండేళ్ళు డ్రమ్ముల బండి లాగాడు. ఆట రోజున అందరికంటే ముందొచ్చి అందరికంటే చివర పోయేవాడట. వాడి డిగ్రీ ప్రదానానికి క్రూ అంతా వచ్చింది.

అమ్మమ్మ అడిగిన ప్రశ్న

తెనాలిలో ఉన్న మా అమ్మకి బ్యాండు సంగతి చెప్పడానికి నేను చాలా రోజులు తటపటాయించాను. చివరికి పిల్లే వీడియో కాల్‌లో చెప్పేసింది. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని "బ్యాండంటే? పెళ్ళిళ్ళలో వాయించేదా?" అంది. ఆ గొంతులో ఉన్నది అమాయకత్వం మాత్రమే కాదు. నాకు తెలుసు, ఎందుకంటే అదే నాలోనూ ఉంది.

మా అక్క పెళ్ళప్పుడు నాకు పదకొండేళ్ళు. ఊరేగింపుకి బ్యాండు మేళం పెట్టారు. ఎర్ర కోట్లు, జలతారు అంచులు, పెట్రోమాక్స్ లైట్లు. ముందు వరసలో క్లారినెట్ వాయించిన పెద్దాయన మూడు వీధులు వాయిస్తూ నడిచాడు. ఒక మలుపు దగ్గర త్యాగరాజ కీర్తన ఎత్తుకున్నాడు, మా తాతయ్య ఆగి విన్నాడు. భోజనాలప్పుడు వాళ్ళందరికీ చివర్న, పందిరి బయట పెట్టారు. ఆయన పేరు ఎవరూ అడగలేదు. ఆ వాద్యాన్నే నా కూతురు పట్టుకుంటే ఏడేళ్ళూ నేను "బ్యాండు" అని చెప్పేదాన్ని కాదు, "వెస్టర్న్ క్లాసికల్ నేర్చుకుంటోంది" అని చెప్పేదాన్ని. వీధిలో నడుస్తూ వాయించేవాళ్ళ మీద మనకున్న చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కులాల మీద చూపేదో మనందరికీ తెలుసు. ఫుట్‌బాల్ మైదానం మీద అదే పని చేస్తే ఫోటోలు పెట్టుకుంటాం. ఇది నాకు నచ్చని నిజం, కానీ నా పిల్ల బ్యాండులో చేరకపోతే నేను దీన్ని ఎప్పటికీ చూసుకునేదాన్ని కాదు.

నవంబరులో హాఫ్‌టైమ్ షో వీడియో మా అమ్మకి పంపాను. తిరిగి కాల్ చేసి, "అందరూ ఒక్కలాగే ఉన్నారు, టోపీలూ అవే, కోట్లూ అవే. మన పిల్ల ఎక్కడుందే?" అంది. పిల్ల పక్కనే ఉంది. "గుర్తుపట్టలేకపోయావంటే మేం బాగా చేసినట్టే అమ్మమ్మా" అంది నవ్వుతూ.

ఆ జవాబు నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. మన పిల్లల్ని మాట వినేవాళ్ళుగానే పెంచుతాం. ఇంట్లో మాట, టీచర్ మాట, కోచింగ్ మాట. పద్దెనిమిదేళ్ళకి మొదటిసారి సొంతంగా ఊపిరి తీసుకోవాల్సిన చోట, మళ్ళీ ఈలకి కదిలి ఈలకి ఆగే చోటుకి పంపడమేమిటి? ఈ బ్యాండుల పుట్టుక సైనిక కవాతులోనే ఉంది. టెక్సస్ ఎ అండ్ ఎం బ్యాండులో అయితే ఈనాటికీ అందరూ క్యాడెట్లే (సైనిక తరహా శిక్షణ తీసుకునే విద్యార్థులే). ఇదే మాట అమ్మాయిని అడిగాను. అది కాసేపు ఆలోచించి, "అక్కడ నేను ఎవరి మాటో వింటున్నట్టు ఉండదమ్మా. తల తిప్పకుండా కంటి చివర్నించి పక్కవాళ్ళని చూస్తూ ఉంటాను, వాళ్ళు నన్ను చూస్తూ ఉంటారు. ఒకళ్ళు తప్పినా గీత విరగకుండా మిగతావాళ్ళం సర్దుకుంటాం" అంది. నేను పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పను. కానీ ఆ పిల్ల అదే సంవత్సరం మాకు ఎదురుచెప్పి మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకుంది. మాట వినే తనం ఎక్కువైందని మాత్రం అనలేను.

ఇప్పటికీ మింగుడుపడనివి

కొన్ని విషయాల్లో నేను స్నేహితురాలిని ధైర్యంగా ఉండమని చెప్పలేను. 2011 నవంబరులో ఫ్లోరిడా ఎ అండ్ ఎం బ్యాండులో ఒక డ్రమ్ మేజర్‌ని ఆట అయ్యాక బస్సులో తోటి సభ్యులే హేజింగ్ (ర్యాగింగ్ లాంటిది) పేరుతో కొట్టారు, అతను చనిపోయాడు. దేశమంతా పేరున్న ఆ బ్యాండుని 2013 దాకా ఆపేశారు. 2014లో ఒహాయో స్టేట్ బ్యాండులో అసభ్యమైన సంస్కృతి పాతుకుపోయిందని విచారణలో తేలాక డైరెక్టర్‌ని తీసేశారు. నేను ఏ గుణాన్ని చూసి మెచ్చుకుంటున్నానో, కొత్తవాళ్ళని ఒక్కసారిగా దగ్గరికి తీసుకునే ఆ గుణమే, కాపలా లేకపోతే ఇలా కూడా మారుతుంది. "మనలో ఒకడివి కావాలంటే ఇది భరించాలి" అనే మాట ఎక్కడ వినిపించినా వెంటనే బయటికి రమ్మని, మాకు చెప్పమని, డాట్ ఖాళీ అయినా ఫర్వాలేదని మొదటి రోజే చెప్పాలి. మేం ఆలస్యంగా చెప్పాం, అదృష్టం కొద్దీ అవసరం రాలేదు.

డబ్బు సంగతి కూడా ఉంది. పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ టీవీ ఒప్పందాలు వందల కోట్ల డాలర్లలో నడుస్తాయి. స్టేడియానికి ఆ ఊపు తెచ్చే పనిలో సగం ఈ పిల్లలది. వాళ్ళకి చాలాచోట్ల ఒకటో రెండో క్రెడిట్లు, కొన్నిచోట్ల చిన్న స్టైపెండు. యూనిఫారం ఇస్తారు, బూట్లూ గ్లవ్సూ మనమే కొనాలి. ఇది న్యాయమని నేను అనను.

పైగా చూసేవాళ్ళు ఎవరు? నవంబరు చివరి ఆటకి మేం వెళ్ళాం. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. పిల్లలు వేళ్ళ చివర్లు కత్తిరించిన గ్లవ్స్‌తో వాయిస్తున్నారు. హాఫ్‌టైమ్ మొదలవగానే మా వరసలో సగం మంది హాట్‌డాగ్‌ల కోసం లేచిపోయారు. నాలుగు నెలలు నేర్చుకున్నది ఖాళీ కుర్చీల ముందు వాయించారు. నాకు దుఃఖం వచ్చింది. పై వరసలో కూర్చున్నాను కాబట్టి బొమ్మ మొత్తం కనబడింది, ఒక పెద్ద వృత్తం నెమ్మదిగా తిరుగుతూ విచ్చుకుంది. కాగితం తీసి చూశాను. ఆ సమయానికి తన డాట్ ఎక్కడో అమ్మాయి నాకు రాసిచ్చింది: నలభై గజాల గీతకి రెండడుగులు లోపల. అక్కడ ఒక టోపీ ఉంది.

నిన్న సాయంత్రం స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఇక్కడ రాసినదంతా చెప్పలేదు. జ్వరం సంగతి చెప్పాను, 58 సంగతి చెప్పాను, ఫ్లోరిడా సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మామూలు పిల్లలకంటే వారం ముందు దింపాలటగా. ఫ్లైట్ టికెట్లు మార్చుకోవాలా అయితే?" అంది.

"మార్చుకో" అన్నాను. "వెళ్ళేటప్పుడు గాలన్ జగ్గు ఒకటి కొను. పేరు రాయడానికి టేప్ కూడా."